థియరీ పీహెచ్‌డీ సీటు కోసం పదకొండు నెలలు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు 2023 ఆగస్టు 9న వచ్చాయి. పీహెచ్‌డీలో చేరమన్న మెయిల్ 2024 జూలై 18న వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య నాకేం జరిగిందో వరసగా రాస్తున్నాను. మాలాగా స్టేట్ యూనివర్సిటీలో చదివి, ఫెలోషిప్‌తో థియరిటికల్ ఫిజిక్స్ చేయాలనుకునేవాళ్లకు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు దొరకరు. నాకు దొరికి ఉంటే కనీసం ఇరవై వేలు, రెండు నెలల ఏడుపు మిగిలేవి.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. నాన్న ఆర్టీసీ కండక్టర్, అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. ఫలితాలు వచ్చిన వారానికే విజయనగరంలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. నెలకు 18 వేలు. పొద్దున ఏడున్నరకు మొదలైతే సాయంత్రం స్టడీ అవర్ కూడా మేమే చూడాలి. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా నా చదువు. మా ఎమ్మెస్సీలో క్వాంటం ఫీల్డ్ థియరీ పేపరే లేదు. క్లాసికల్, క్వాంటం, స్టాటిస్టికల్ మెకానిక్స్ మూడూ ఎన్‌పీటీఈఎల్ అనే ఉచిత వీడియో పాఠాల సైట్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ వి. బాలకృష్ణన్ గారి పాఠాలతో మళ్లీ మొదటినుంచి చదివాను. ఆయన బోర్డు మీద నెమ్మదిగా రాసుకుంటూ, ‘ఇక్కడ ఆగి ఆలోచించండి’ అన్నట్టు కాసేపు ఊరుకోవడం నాకు చాలా నేర్పింది. 

రెండు దారుల్లోనూ ప్రయత్నించాలనుకున్నాను. ఒకటి మన దేశంలో పీహెచ్‌డీకి రాసే పరీక్షలు: టీఐఎఫ్‌ఆర్ జీఎస్ (ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ సొంత పరీక్ష), జెస్ట్ (చాలా పరిశోధన సంస్థల ఉమ్మడి పరీక్ష), గేట్, సీఎస్ఐఆర్ నెట్. రెండోది విదేశాలు. పరీక్షల సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి ముందు లెటర్ల గురించి చెప్తాను. నన్ను పరీక్షల కంటే ఎక్కువ తిప్పలు పెట్టినవి అవే.

బయటి దేశాల్లో దాదాపు ప్రతి అప్లికేషన్‌కీ రెండో మూడో రికమెండేషన్ లెటర్లు కావాలి. మనం పేర్లు, మెయిల్ ఐడీలు ఇస్తే సార్‌వాళ్లకు నేరుగా లింకు వెళ్తుంది. సెప్టెంబర్ రెండో వారంలో నా ప్రాజెక్ట్ గైడ్ దగ్గరికి వెళ్లాను. ఎంతో మంచి మనిషి. "నువ్వే రాసుకొచ్చెయ్యమ్మా, సంతకం పెట్టేస్తా" అన్నారు. మా దగ్గర ఇది మామూలే. కానీ లింకు ద్వారా వెళ్లే లెటర్‌లో సంతకం కంటే లోపలి మాట ముఖ్యం. ‘ఈ అమ్మాయి తెలివైనది, కష్టపడే స్వభావం’ అని నాలుగు వాక్యాలుంటే అది చదివేవాళ్లకు దేనికీ పనికిరాదు. నేను రాసుకోలేదు. దానికి బదులు ఒక పేజీ తయారుచేసి ఇచ్చాను. ప్రాజెక్ట్‌లో (శ్వార్జ్‌షీల్డ్ స్పేస్‌టైమ్‌లో, అంటే బరువైన గోళం చుట్టూ, కాంతి వంపు) నేను సొంతంగా చేసిన లెక్కలేవి, ఎక్కడ తప్పు చేశాను, సార్ ఎక్కడ సరిదిద్దారు, సెమినార్‌లో ఎవరు ఏ ప్రశ్న అడిగితే ఏం చెప్పాను, అన్నీ తేదీలతో సహా. ఆయన అది చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇవన్నీ నాకు గుర్తులేవమ్మా, ఇప్పుడు రాస్తాను" అన్నారు. రాశారు కూడా.

ఇంకో చిక్కు ఉంది. ఆయన వాడేది జీమెయిల్. కొన్ని యూనివర్సిటీల ఫారాలు సంస్థ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ మాత్రమే తీసుకున్నాయి. ఆయన యూనివర్సిటీ ఐడీ పాస్‌వర్డ్ మర్చిపోయి మూడేళ్లయింది. అది మళ్లీ తెరిపించడానికి కంప్యూటర్ సెంటర్ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, 16 రోజులు పట్టింది. తెరిచాక చూస్తే రెండు లింకులు స్పామ్‌లో పడి ఉన్నాయి. లెటర్ల పని ఆగస్టులోనే మొదలుపెట్టండి, మీ సార్ ఐడీ పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి.

రెండో లెటర్ నాకు సులువుగా దొరికింది. 2022 వేసవిలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లో ఎనిమిది వారాలు ఒక ప్రొఫెసర్ దగ్గర పనిచేశాను. ఆయనకు ఇలాంటి లెటర్లు రాయడం అలవాటే. నా మెయిల్‌కు రెండు గంటల్లో జవాబిచ్చి, "ఎక్కడెక్కడ, గడువులేమిటి, ఒక షీట్‌లో పెట్టి పంపు" అన్నారు. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఆ ఫెలోషిప్‌కు తప్పకుండా పెట్టండి. నా మొత్తం దరఖాస్తులో ఎక్కువ బరువున్న కాగితం ఆ లెటరే అని ఇప్పటికీ అనుకుంటాను.

అమెరికాలో మూడు యూనివర్సిటీలకు పెట్టాను. గడువులు డిసెంబర్‌లో. టోఫెల్‌కు దాదాపు 17 వేలు, అప్లికేషన్ ఫీజులు, స్కోర్లు పంపడం అన్నీ కలిపి ఇంకో 23 వేలు అయ్యాయి. నాన్న డెబిట్ కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసి ఉండవని గడువు రోజు రాత్రి పదింటికి తెలిసింది. చివరికి స్నేహితురాలి అన్నయ్య క్రెడిట్ కార్డుతో కట్టాం. అడిగితే ఫీజు మాఫీ చేసే యూనివర్సిటీలు ఉంటాయన్న సంగతి జనవరిలో ఒక సీనియర్ అక్క చెప్పింది. ఆ రోజు చాలా బాధేసింది. అది మా అమ్మ దసరాకి రాత్రింబవళ్లు కుట్టిన జాకెట్ల డబ్బు.

యూరప్‌లో అలా కాదు. అక్కడ చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగం. ఇన్‌స్పైర్ హెప్ అనే సైట్‌లో హై ఎనర్జీ థియరీ ఖాళీలు కనిపిస్తాయి, నేను చూసిన వాటిలో చాలా వరకు ఫీజు లేదు. జర్మనీ ప్రకటనల్లో జీతం ‘ఈ13, 75 శాతం’ అనో ‘50 శాతం’ అనో రాసి ఉంటుంది. సగం జీతం అంటే సగం పని అనుకున్నాను మొదట. కాదు, పని పూర్తిగా ఉంటుంది, జీతం మాత్రం ఈ13 అనే అక్కడి ప్రభుత్వ జీతాల స్కేలులో అంత వంతు. నవంబర్ నుంచి జనవరి దాకా 14 చోట్లకు పంపాను. ప్రతి చోటికీ ఆ గ్రూపు ఇటీవలి పేపర్లలో కనీసం ఒకటి చదివి, ఎస్‌ఓపీలో (ఎందుకు చేరాలనుకుంటున్నామో రాసే వ్యాసం) ఒక పేరా మార్చేదాన్ని. ఒక్కోదానికి రెండు మూడు రాత్రులు.

2023 డిసెంబర్ 10న టీఐఎఫ్‌ఆర్ జీఎస్ రాశాను. ముందు రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లి, రాసి, ఆ రాత్రే అదే రైల్లో వెనక్కి. సోమవారం క్లాసు ఉంది మరి. ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. డిసెంబర్ ఆఖరి వారంలో సీఎస్ఐఆర్ నెట్. ఫిబ్రవరి మొదట్లో ఫలితం చూస్తే లెక్చరర్‌షిప్ (కాలేజీలో పాఠాలు చెప్పే అర్హత) వచ్చింది, జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) రాలేదు. ఫోన్‌లో నాన్నకు చెప్తే "క్వాలిఫై అయ్యావు కదమ్మా, మరెందుకు ఏడుస్తున్నావు?" అన్నారు. ఫెలోషిప్ లేకుండా క్వాలిఫై అవడం అంటే ఏమిటో ఆయనకు చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ ఫిబ్రవరే నాకు అన్నిటికంటే కష్టమైన నెల. యూరప్ నుంచి రిజెక్షన్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఎక్కువ భాగం రెండు వాక్యాల మెయిల్. ఐదు చోట్ల నుంచి అది కూడా రాలేదు, ఈ రోజుకీ రాలేదు. అదే నెలలో రాష్ట్రంలో డీఎస్సీ నోటిఫికేషన్ పడింది, 6,100 పోస్టులు. మా పెద్దమ్మ ఇంటికొచ్చి "బీఈడీ చేసుంటే ఈ పాటికి టీచరమ్మవి అయ్యేదానివి, ఈ సిద్ధాంతాల చదువు ఎవరికోసమే?" అంది. ఆమె ప్రేమతోనే అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మార్చి 1న జర్మనీలో ఒక గ్రూపు నుంచి జూమ్ ఇంటర్వ్యూ. ఇరవై నిమిషాలు, పది స్లైడ్లలో మాస్టర్స్ థీసిస్ చెప్పమన్నారు. మా ఊళ్లో కరెంటు పోతుందని భయపడి విజయనగరంలో స్నేహితురాలి గదిలో కూర్చున్నా, రెండు ఫోన్ల హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకున్నా. ఇంటర్వ్యూ ప్రశాంతంగానే సాగింది. చివర్లో ఆ గ్రూపు ప్రొఫెసర్ చాలా మర్యాదగా "మీ థీసిస్ ఎన్ని నెలల పని?" అని అడిగారు. నాలుగు నెలలన్నాను. అక్కడ మాస్టర్స్‌లో పరిశోధన భాగమే మామూలుగా ఏడాది ఉంటుందని తర్వాత తెలిసింది. రెండు వారాలకు వద్దని రాశారు. పోటీలో ఉన్నవాళ్లు నాకంటే ఎనిమిది నెలలు ముందున్నారు. ఇది తెలిశాక నొప్పి తగ్గింది. మన సిలబస్ తయారుచేసేవాళ్లు ప్రాజెక్ట్‌కు ఒక పూర్తి ఏడాది ఇస్తే ఎంతమందికి దారి తెరుచుకుంటుందో అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. అమెరికా మూడింటిలో రెండు ‘నో’, ఒకటి ఏప్రిల్ 15 (అక్కడ ఆఫర్లకు జవాబు చెప్పే గడువు) దాటినా నిశ్శబ్దం.

జెస్ట్ మార్చి 10న. మూడు గంటలు, వంద మార్కులు. అందులో పది ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు, జవాబు ఒక పూర్ణాంకం, అదే టైప్ చేయాలి. నెగెటివ్ ఉండదు. నాకు ఆ పదే కలిసొచ్చాయి. ఏప్రిల్‌లో ఫలితం: ర్యాంకు 118.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. జెస్ట్‌లో ర్యాంకు వస్తే సంస్థలే పిలుస్తాయనుకున్నాను. చాలా సంస్థలకు మళ్లీ విడిగా ఫారం నింపాలి. ఎవరి గడువు వారిదే. నాకు ఇష్టమైన ఒక సంస్థ గడువు ఫలితాల కంటే ముందే అయిపోయింది, ర్యాంకు తర్వాత ఇస్తామని చెప్పి అప్పుడే పెట్టి ఉండాల్సింది. చెన్నై ఐఎమ్‌ఎస్‌సీ, ప్రయాగ్‌రాజ్ హెచ్‌ఆర్‌ఐ, బెంగళూరు ఐసీటీఎస్, ఆర్‌ఆర్‌ఐ, పుణె ఐయూకా, ఇలా అన్నిటి పేజీలూ జనవరి నుంచే వారానికోసారి చూడండి. ఇంకో మాట, జేఆర్ఎఫ్ లేదని వీటికి పెట్టకుండా ఆగిపోకండి. ఇలాంటి సంస్థల్లో ఎంపికైతే ఫెలోషిప్ సంస్థే ఇస్తుంది. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఇది తెలియక మా బ్యాచ్‌లో ఇద్దరు ఫారమే నింపలేదు.

మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. కాలేజీలో సెలవులివ్వనన్నారు. ఆ నెల జీతం వదులుకుని మానేశాను.

మొదటిది మే 22న. ఐదుగురు కూర్చున్నారు, బ్లాక్‌బోర్డు, సుద్దముక్క. ‘ఏ సబ్జెక్టుతో మొదలుపెడదాం?’ అన్నారు. ఫీల్డ్ థియరీ అంటే గొప్పగా ఉంటుందని అదే చెప్పాను. రెండో ప్రశ్నకే ఆగిపోయాను. ఒకరు "మీ యూనివర్సిటీలో ఇది చెప్పరా?" అన్నారు. చెప్పరు సార్ అన్నాను. ఆ తర్వాత వాళ్లు క్వాంటం మెకానిక్స్‌కు మారారు కానీ నా గొంతు అప్పటికే పోయింది. తెలిసినవి కూడా మనసులోనే అనుకుంటూ బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. 25 నిమిషాలు. తిరుగు రైల్లో సైడ్ లోయర్ బెర్త్ మీద ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద చేస్తే, ఏడింటిలో ఐదు వచ్చాయి.

అందుకే జూన్ 6న రెండోదానికి వెళ్లేటప్పుడు ఒకటే అనుకున్నాను: తెలిసిన చోటే నిలబడాలి, ఆలోచించేది పైకి అనాలి. ఎలక్ట్రోడైనమిక్స్ అన్నాను. నేలకు కలిపిన పెద్ద లోహపు పలక, దాని ముందు కొంత దూరంలో ఒక చార్జి. బలం ఎంత? ఇమేజ్ చార్జి (పలక అద్దమైతే అవతల కనిపించే ఊహా చార్జి) పెట్టి చెప్పాను. శక్తి ఎంత? రెండు చార్జీల మధ్య శక్తి రాసేశాను. "సరిగ్గా అంతేనా?" అన్నారు ఒక మేడమ్. గుండె దడదడలాడింది. అప్పుడు పైకే అనడం మొదలుపెట్టాను: "అద్దంలో చార్జి నిజంగా లేదు మేడమ్. పలక వెనక ఫీల్డే లేదు. ఫీల్డ్ ఉన్నది సగం చోటులోనే, కాబట్టి శక్తి కూడా సగమే అవ్వాలి." చార్జిని దూరం నుంచి లాక్కొచ్చే పని లెక్క కట్టి సరిచూశాను. సగమే వచ్చింది. ఆవిడ నవ్వి "గుడ్" అన్నారు. ఆ ఒక్క మాటకు పది నెలల అలసట దిగిపోయినట్టు అనిపించింది. తర్వాత ఒక డైమెన్షన్ ఐసింగ్ మోడల్‌లో (పైకో కిందికో చూసే స్పిన్ల గొలుసు) ఫేజ్ ట్రాన్సిషన్, అంటే స్థితి మార్పు, ఎందుకు ఉండదని అడిగారు. సూత్రం కాదు, కారణం చెప్పమన్నారు. వరసలో ఒకచోట స్పిన్లు తిరగబడటానికి అయ్యే శక్తి ఎప్పుడూ ఒకటే, కానీ ఆ చోటు ఎక్కడైనా ఉండొచ్చు, గొలుసు పొడవయ్యేకొద్దీ ఎంట్రోపీదే పైచేయి అవుతుందని చెప్పాను. 50 నిమిషాలు అయింది. చివర్లో "ప్రయోగాల వైపు సీట్లు ఎక్కువున్నాయి, వస్తావా?" అని అడిగారు. ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ ఐదారేళ్లు చేయాల్సిన పని. థియరీయే కావాలి మేడమ్ అన్నాను. బయటికొచ్చాక తప్పు చేశానా అని రాత్రంతా నిద్ర లేదు. వద్దనుకున్నది చెప్పడమే మంచిదని ఇప్పుడు నమ్ముతున్నాను. ప్రయోగాలు ఇష్టమున్నవాళ్ల సీటు అది.

మూడోది జూన్ 20న. తిరిగే వలయం మీద జారే పూస, స్థిర బిందువులు, చిన్న డోలనాలు. బాగానే చెప్పాను. 21 రాత్రి తిరుగు ప్రయాణంలో ఉండగా, నాలుగు రోజుల్లో రాయాల్సిన సీఎస్ఐఆర్ నెట్ వాయిదా పడిందని ఫోన్‌లో వచ్చింది. రెండోసారి జేఆర్ఎఫ్ కోసం నేను పెట్టుకున్న చివరి ఆశ అది. ఎప్పుడు పెడతారో అప్పటికి చెప్పలేదు. బోగీలో లైట్లు ఆర్పేశాక దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

జూలై 2న రెండో సంస్థ నుంచి మెయిల్. వెయిటింగ్ లిస్టు, థియరీలో మూడో పేరు. మూడోదాని నుంచి ‘నో’. వెయిటింగ్ ఎలా కదులుతుందో ఎవరూ చెప్పరు. నాకు అర్థమైంది ఇదీ: పై ర్యాంకుల వాళ్లు ఒకేసారి నాలుగైదు చోట్ల ఎంపికవుతారు, ఒకచోట చేరాక మిగతావి వదులుతారు. కాబట్టి జూలై మధ్యలో ఒక్కసారిగా కదులుతుంది. వదిలేయాలనుకున్నవాళ్లు ఆ రోజే చెప్పేయండి, దయచేసి. మీరు గడువు దాకా పట్టుకుని కూర్చున్న ప్రతి రోజూ ఎక్కడో ఒకరు గంటకోసారి మెయిల్ తెరుస్తూ ఉంటారు. నేను ఆ పదహారు రోజులూ అదే చేశాను. అన్నం తింటూ, బస్సులో, స్నానానికి వెళ్లబోతూ.

జూలై 18న పదకొండు నలభైకి వచ్చింది. మూడు రోజుల్లో జవాబు చెప్పమన్నారు. మూడు నిమిషాల్లో చెప్పాను. నాన్న పార్వతీపురం బస్సులో డ్యూటీలో ఉన్నారు. ఫోన్ ఎత్తి "టికెట్లు కొడుతున్నానమ్మా, చెప్పు" అన్నారు. చెప్పాను. కాసేపు బస్సు చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత "ఫీజు ఎంత?" అన్నారు. ఫీజు మనం కట్టడం కాదు నాన్నా, నెలనెలా వాళ్లే నాకు ఇస్తారు అంటే, రెండుసార్లు చెప్పించుకున్నారు.

వాయిదా పడ్డ నెట్ జూలై 25 నుంచి 27 దాకా పెట్టారు. అదీ రాశాను. చేరాల్సింది ఆగస్టు 5న. ఇక సర్టిఫికెట్లు. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), మార్క్స్ మెమోలు నా దగ్గరున్నాయి, మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోనే లేదు. దానికి తొమ్మిది రోజులు, మూడుసార్లు బస్సు. సీజీపీఏను శాతంలోకి మార్చిన లెటర్ కూడా అడిగారు, అది ఇంకో కౌంటర్. ఎమ్మెస్సీ అయిన వెంటనే ఈ రెండూ తీసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలకు వెళ్లిన రైలు టికెట్లు పారేయకండి, రెండు చోట్ల స్లీపర్ చార్జీ తిరిగిచ్చారు, నాకు మొత్తం 2,300 వచ్చింది. పదకొండు నెలల్లో అయిన ఖర్చు అన్నీ కలిపి దాదాపు 54 వేలు. ఇండియా పరీక్షలకు అందులో రెండున్నర వేలే. మిగతాదంతా టోఫెల్, అమెరికా ఫీజులు, ప్రయాణాలు, కాగితాలు.

చేరిన రోజు హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్స్ కట్టాలి. ఫెలోషిప్ మాత్రం వెంటనే పడదు, కాగితాలన్నీ పూర్తయ్యాకే. నాకు మొదటిది అక్టోబర్ 4న, రెండు నెలలది కలిపి పడింది. అప్పటిదాకా కాలేజీ జీతంలో దాచుకున్న 26 వేలతో నడిచింది. చేరేవాళ్లు ఆ రెండు నెలల డబ్బు ముందే పక్కన పెట్టుకుని రండి.